మిర్చి పొడిలో రికవరీ 42 శాతమే: మ్యాట్రిక్స్ ఎఫెక్టా, నా చేతి వాటమా?

కారంపొడి_కెమిస్ట్:
గుంటూరు మిర్చి పొడిలో పురుగుమందుల అవశేషాలు చూస్తున్నాం. క్వెచర్స్ (అవశేషాల్ని సాల్వెంట్‌లోకి లాగి శుభ్రం చేసే) పద్ధతి: 2 గ్రాముల పొడి, 10 మి.లీ. నీళ్లు, 10 మి.లీ. అసిటోనైట్రైల్, ఆ తర్వాత పీఎస్‌ఏ, సీ18 అనే శోషక పొడులతో క్లీనప్. ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌లో (కాలమ్‌లో విడదీసి, అయాన్ల బరువుతో గుర్తించే మిషన్) సాల్వెంట్ కాలిబ్రేషన్, అంటే ఉత్త సాల్వెంట్‌లోని స్టాండర్డ్‌లతో వేసిన గీత, ముచ్చటగా ఉంది, ఆర్ స్క్వేర్ 0.999. కిలోకు 0.05 మి.గ్రా. టెబుకొనజోల్ (ఫంగస్ మందు) స్పైక్ చేస్తే, అంటే కావాలని కలిపి కొలిస్తే, మాత్రం రికవరీ 42 శాతమే వస్తోంది. మూడుసార్లు చేశా, మూడుసార్లూ అంతే. సరిగ్గా షేక్ చేయలేదంటున్నారు మా సార్. చెయ్యి పడిపోయేదాకా ఊపాను. పీక్ కూడా శుభ్రంగానే ఉంది.

పాత_క్వాడ్రుపోల్:
మూడుసార్లూ ఒకేలా వచ్చిందంటే చేతి తప్పు కాకపోవచ్చు తమ్ముడూ. బ్లాంక్ (మందు లేని) మిర్చిని మామూలుగా ఎక్స్‌ట్రాక్ట్ చేసి, అంతా అయిపోయాక వయల్‌లో స్పైక్ చెయ్. అదీ తక్కువే వస్తే మందు ఎక్కడికీ పోలేదన్నమాట, మిర్చిలోని వేరే పదార్థాలు అడ్డుపడి మిషన్ సోర్స్‌లో అయాన్ అవ్వట్లేదు. మ్యాట్రిక్స్ ఎఫెక్ట్ అంటే అదే.

కారంపొడి_కెమిస్ట్:
చేశానన్నా. చివర్లో స్పైక్ చేసినా 46! అంటే 42ని 46తో భాగిస్తే అసలు రికవరీ 91 శాతం. మిగతాదంతా సప్రెషనే (సిగ్నల్ అణగడం). సార్‌కి చూపిస్తే ఏమీ అనలేదు, టీ మాత్రం తెప్పించారు.

పాత_క్వాడ్రుపోల్:
శాంటే (అవశేషాల పరీక్షలకి ఈయూ గైడ్‌లైన్) ప్రకారం మ్యాట్రిక్స్ ఎఫెక్ట్ ప్లస్సో మైనస్సో 20 శాతం దాటితే ఏదో ఒకటి చేయాలి. నీది మైనస్ 54. టీ-పీస్ (మూడు దారుల జాయింట్) పెట్టి, సిరంజి పంపుతో టెబుకొనజోల్‌ను కాలమ్ తర్వాత సన్నగా ఎక్కిస్తూ, బ్లాంక్ మిర్చి ఎక్స్‌ట్రాక్ట్ ఇంజెక్ట్ చేసి చూడు. గీత ఎక్కడ కుంగితే అక్కడే నీ దొంగ.

కారంపొడి_కెమిస్ట్:
సరిగ్గా టెబుకొనజోల్ వచ్చే చోటే గొయ్యి పడింది! ఫుల్ స్కాన్ పెడితే అక్కడే 306, 308 బరువుల అయాన్లు. కారాన్నిచ్చే కాప్సైసిన్, డైహైడ్రోకాప్సైసిన్. తమాషా ఏంటంటే టెబుకొనజోల్ ప్రికర్సర్ (ముక్కలు కాకముందు అయాన్) కూడా 308. అయితే దాని ప్రొడక్ట్ అయాన్ (విరిగాక వచ్చే ముక్క) 70, కారానిది 137. అందుకే ఎంచుకున్న ప్రికర్సర్-ప్రొడక్ట్ జంటనే చూసే ఎంఆర్‌ఎంలో కారం కనబడదు, పీక్ శుభ్రంగా ఉంటుంది. కనబడకుండానే సగం సిగ్నల్ మింగేస్తోంది. రంగు పోగొట్టడానికి జీసీబీ (గ్రాఫైట్ కార్బన్ పొడి) వేద్దామా?

పాత_క్వాడ్రుపోల్:
జీసీబీ రంగు తీస్తుంది కానీ థయాబెండజోల్ లాంటి చదునైన అణువుల్నీ పట్టేసుకుంటుంది. నీ గొడవ రంగుతో కాదు, కారంతో. ముందు పదింతలు పలచన చెయ్. 0.05 స్పైక్ అంటే వయల్‌లో మి.లీ.కి 10 నానోగ్రాములు, పలచన చేస్తే 1. ఇప్పటి మిషన్లకి అదేం పెద్ద లెక్క కాదు.

నాచారం_ప్లాస్మా:
మా బయోఅనలిటికల్ (ప్లాస్మాలో మందులు కొలిచే) వాళ్లకి కారం బదులు ఫాస్ఫోలిపిడ్లు. పాజిటివ్‌లో 184 నుంచి 184 ట్రాన్సిషన్ పెట్టుకుని అవెక్కడ దిగుతున్నాయో చూసుకుంటాం. ఐసోటోప్ ఇంటర్నల్ స్టాండర్డ్ (ఐఎస్: అదే మందు బరువైన రూపం, పోలికకి కలిపేది) ఉంటే నిశ్చింత అనుకోకండి. డ్యుటీరియం వేసినది కాలమ్‌లో కాస్త ముందే వచ్చేస్తుంది. ఒకసారి మా మందు గొయ్యిలో, ఐఎస్ గట్టు మీద! రేషియో లాట్ లాట్‌కీ మారిపోయింది. ఐసీహెచ్ ఎం10 (బయోఅనలిటికల్ పద్ధతుల అంతర్జాతీయ గైడ్‌లైన్) కనీసం 6 వేర్వేరు సోర్సుల మ్యాట్రిక్స్ చూడమనేది ఊరికే కాదు.

జీసీ_పిచ్చోడు:
మాది ఉల్టా. జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రఫీ) సాల్వెంట్ స్టాండర్డ్ కొంత ఇన్‌లెట్‌లోని లైనర్ గొట్టానికి అంటుకుపోతుంది. శాంపిల్లోని చెత్త ఆ చోట్లన్నీ కప్పేసి మందుని కాపాడుతుంది. దాంతో రికవరీ 140! సార్బిటాల్, గులోనోలాక్టోన్ లాంటి ప్రొటెక్టెంట్లు స్టాండర్డ్‌లోనూ శాంపిల్‌లోనూ కలపడం మొదలెట్టాక తేరుకున్నాం.

కారంపొడి_కెమిస్ట్:
అప్‌డేట్: పదింతలు పలచన చేస్తే సాల్వెంట్ కాలిబ్రేషన్‌తోనే 78. హమ్మయ్య! కానీ ఇంకో పాఠం. పలచన చేయకుండా మ్యాట్రిక్స్ మ్యాచ్డ్ (బ్లాంక్ మిర్చి ఎక్స్‌ట్రాక్ట్‌లో స్టాండర్డ్‌లు) కూడా చూశా. మందు లేని మిర్చి దొరకడమే గగనం. దొరికిన బ్లాంక్ బ్యాడిగి రకం, శాంపిల్ తేజ రకం. బ్యాడిగికి రంగెక్కువ, కారం తక్కువ. తేజ నోట్లో పెడితే కళ్లమ్మట నీళ్లే. కాలిబ్రేషన్‌కి పడ్డ గొయ్యి చిన్నది, శాంపిల్‌కి పడ్డది పెద్దది. రిజల్ట్ తక్కువే వచ్చింది. పేరుకే మ్యాచ్డ్.

పసుపు_కొమ్ము:
నేను పసుపు మొదలెట్టబోతున్నా. పదింతలు సరిపోతుందా అన్నా? బ్లాంక్ అసలే లేదు.

పాత_క్వాడ్రుపోల్:
పదింతలు, ఇరవై ఇంతలు రెండూ వేసి చూడు. లెక్క కట్టాక రెండూ ఒకే అంకె ఇస్తే పదే చాలు. బ్లాంక్ లేకపోతే శాంపిల్‌కే స్టాండర్డ్ అడిషన్ (తెలిసిన మోతాదుల్లో మందు కలిపి కొలవడం) చెయ్, మూడు లెవెల్స్ పెట్టు. రన్‌లో అవసరం లేని భాగమంతా డైవర్ట్ వాల్వ్‌తో వేస్ట్‌కి పంపు. లేకపోతే సోర్స్ తుడవడానికి నువ్వే కూర్చోవాలి.

కారంపొడి_కెమిస్ట్:
ఎవరి పెరట్లోనైనా మందు కొట్టని తేజ ఉంటే చెప్పండి. అరకిలో చాలు, కొరియర్ ఖర్చు నాదే.