కంటిన్యువల్లీ, కంటిన్యువస్లీ: అర్జీలో ఏది సరియైన మాట?

శివారు రైతు: మాది కోనసీమలో ఒక కాలువ చిట్టచివరి ఊరు. దాళ్వా చేను పొట్ట మీద ఉండగా నీరందక, మా అబ్బాయి చేత ఇంగ్లీషులో అర్జీ రాయించాను. మూడు వారాలుగా నీరు కంటిన్యువస్లీ ఆగిపోయి ఉన్నదని రాశాడు. అధికారి వంతుల రిజిస్టరు తెరిచి, వారం వారం నీరు వదిలినట్టు చూపించి, అర్జీ అబద్ధమని తిప్పి పంపారు. ఆ మాటలో తప్పేమిటో చెప్పగలరు.

ఇంగ్లీషు మాస్టారు: తప్పు ఆ మాటలోనే ఉన్నదండి. నడుమ నడుమ ఆగుతూ పదేపదే జరిగేది కంటిన్యువల్లీ, ఎక్కడా తెగకుండా సాగేది కంటిన్యువస్లీ. శ్రావణంలో కురిసి, వెలిసి, మళ్ళీ కురిసే జల్లు మొదటిది. తుపాను రాత్రి తెరిపి ఇవ్వకుండా కురిసే వాన రెండవది. వంతుల నీటికి మొదటి మాటే తగినది.

నిఘంటువుల అభిమాని: మాస్టారు గారూ, ఈ హద్దు మీరన్నంత గట్టిది కాదు. కంటిన్యువల్ 14వ శతాబ్దం నుంచి ఇంగ్లీషులో ఉన్నది. కంటిన్యువస్ వచ్చినది 17వ శతాబ్దంలో. రెండింటికీ మూలం ఒకే లాటిన్ మాట. రెండవది పుట్టకముందు తెంపు లేనిదానికీ మొదటిదాన్నే వాడారు, నేటి నిఘంటువులు కూడా ఆ అర్థాన్ని తీసివేయలేదు.

ఇంగ్లీషు మాస్టారు: చరిత్ర వేరు, అర్జీ వేరు. 30 ఏళ్ళు తరగతిలో ఇదే చెప్పాను. నా శిష్యుడొకడు ఉద్యోగ పరీక్షలో ఈ రెండు మాటల దగ్గరే మార్కు పోగొట్టుకుని మా ఇంటికి వచ్చి ఏడ్చాడు. రెండూ ఒకటేనని వాడికి మీరు చెప్పగలరా?

లంక రైతు: తెలుగులో రాసి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు.

ఎగువ రైతు: మాటల సంగతి అలా ఉంచండి. వంతు ప్రకారం మా పొలాలకు నీరు వస్తున్నది. మీకు మాత్రం ఎందుకు రాదు?

శివారు రైతు: ఎందుకు రాదో మీకు తెలియదా అండీ? వంతు రోజున కాలువలోకి నీరు వస్తున్నమాట నిజమే గానీ, ఎగువన గట్టు పొడవునా ఇంజన్లు పెట్టి తోడుతూ ఉంటే, మా తూము దగ్గరకు చేరేసరికి బోదె అడుగున తడి తప్ప ఏమీ మిగలదు. ఆ మూడు వారాల్లో మా చేలోకి ఒక్క పూట కూడా నీరు పారలేదు. నేల నెర్రెలు తీసింది. మా అబ్బాయి కళ్ళతో చూసినదే రాశాడు.

ఇంగ్లీషు మాస్టారు: అలాగైతే కంటిన్యువస్లీ అన్నదే సరియైన మాట, నేను తొందరపడ్డాను. రిజిస్టరు చెప్పేది కాలువ తల దగ్గరి సంగతి, మీ అబ్బాయి రాసినది మీ తూము దగ్గరి సంగతి. నీరు ఏ చోట ఆగిందో అర్జీలో లేదు. తూము, తేదీలు చేర్చి మళ్ళీ రాయించండి.

శివారు రైతు: రాయిస్తాను. ఎగువ రైతు గారూ, సాక్షిగా మీరు సంతకం చేస్తారా?