డబ్బింగ్‌కి మైనం రాయాల్సిందేనా?

వాగుదారి:
ఈ చలికాలమే ఫ్లైలు, అంటే గాలానికి దారం, బొచ్చు చుట్టి చేసే పురుగుల్లాంటి ఎరలు, కట్టడం మొదలుపెట్టాను. ఉండేది పెన్సిల్వేనియా, పట్టేది ట్రౌట్ చేపలు. 14 నంబరు గాలానికి హేర్స్ ఇయర్ నింఫ్ (నీటిపురుగు పిల్లలా ఉండే ఫ్లై) కడుతుంటే డబ్బింగ్, అంటే దారం మీద పేనే కుందేలు బొచ్చు, నిలవట్లేదు, ఊడి ఒళ్ళో పడుతోంది. మైనం రాయమని ఒకరు, వద్దని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

మైనంముద్ద:
రాయాల్సిందే. జిగట లేకపోతే బొచ్చు దేన్ని పట్టుకుంటుంది?

నూలుపోగు:
నేను ఒప్పుకోను. మా అమ్మ దీపానికి వత్తి చేసేటప్పుడు వేళ్ళకి కాస్త విభూది అద్దుకునేది. అది వేళ్ళ పట్టు కోసమే. వత్తి నిలిచేది పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకున్నందుకు. డబ్బింగూ అంతే. మీరు తీసుకున్న బొచ్చులో సగం పక్కన పెట్టండి, మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసేయండి. దారం కనబడీ కనబడనట్టు పలచగా పరిచి ఒకే వైపుకి పేనండి. ముందుకీ వెనక్కీ నలిపితే వేసిన మెలి మీరే విప్పేసుకున్నట్టు. ఇప్పటి దారాలు చాలావరకు మైనం పట్టించే వస్తున్నాయి, రీలు మీద చూడండి. దాని మీద ఇంకా దట్టిస్తే బిరుసు వెంట్రుకలు దారానికి అతుక్కుపోతాయి. హేర్స్ ఇయర్‌కి ప్రాణం ఆ వెంట్రుకలే, నీళ్ళలో పురుగు కాళ్ళలా కనబడేవి అవే.

మైనంముద్ద:
అన్నా, గ్రీన్‌వెల్స్ గ్లోరీ అనే ఫ్లై 1854 నాటిది. స్కాట్లండ్‌లో ట్వీడ్ నది దగ్గర స్ప్రౌస్టన్‌లో జేమ్స్ రైట్ కట్టాడు. పసుపు పట్టుదారానికి చెప్పులు కుట్టేవాళ్ళ మైనం బాగా పట్టిస్తేనే ఆ ఆలివ్ రంగు వచ్చింది. అంతటివాళ్ళు ఊరికే రాస్తారా?

నూలుపోగు:
రంగు కోసం రాశారు. ఆ ఫ్లై ఒంటికి బొచ్చే లేదు, అంతా పట్టుదారమూ పైన సన్నని బంగారు తీగానూ. అది కట్టేటప్పుడు నేనూ మైనం రాస్తాను. ఇక్కడి ప్రశ్న బొచ్చు నిలవడం గురించి.

మైనంముద్ద:
సరే, అంగోరా మేక బొచ్చు సంగతేంటి? సముద్ర క్షీరదాలను కాపాడే 1972 చట్టం వచ్చాక అమెరికాలో సీల్ అనే సముద్ర జంతువు బొచ్చుకి బదులు వాడేవాటిలో అదొకటి. బిరుసు, జారుడు. వట్టి వేళ్ళతో పేనగలరా?

నూలుపోగు:
అక్కడ మీ మాట నిజం. ఒక్క గీత మైనం కావాలి. అదీ దారానికే రాయాలి, వేళ్ళకి అంటితే బొచ్చు వేళ్ళతోనే వచ్చేస్తుంది. నేనైతే దారాన్ని లూప్‌లా మడిచి, మధ్యలో బొచ్చు పెట్టి మెలి తిప్పుతాను.

వాగుదారి:
రాత్రి నాలుగు కట్టాను. మొదటి రెండూ మైనంతో, తరువాతి రెండూ పావు వంతు బొచ్చుతో, మైనం లేకుండా. తరువాతివి నిలిచాయి, వెంట్రుకలు బయటికి లేచి ఉన్నాయి. రీలు మీద 'వాక్స్‌డ్' (మైనం పట్టించినది) అనే ఉంది, ఇన్నాళ్ళూ చూడలేదు. మేక బొచ్చు తెప్పించాక లూప్ గురించి మళ్ళీ అడుగుతాను.