అప్‌డేట్: మండువా ఇంట్లో యోగా స్టూడియో, గోడల చెమ్మ సంగతి

రాజమండ్రిలో మా తాతగారి మండువా ఇంటిని (నడుమ పైకప్పు లేని పాతకాలపు ఇల్లు) యోగా స్టూడియోగా మారుస్తున్నామని ఆరు నెలల క్రితం రాశాను. గోడల చెమ్మకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాలా అని అడిగాను. వద్దని చెప్పిన అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.

అవి సున్నంతో కట్టిన గోడలు. మధ్యలో ఎవరో వేయించిన సిమెంటు, దానిపై ప్లాస్టిక్ పెయింటు కలిసి తేమను లోపలే పట్టి ఉంచాయి. నడుమెత్తు దాకా చెక్కిస్తే ఇటుకల మీద తెల్లగా ఉప్పు. గోటితో గీకితే తడిగా పొడి రాలింది. చూరునీళ్లు పునాదిలోకి దిగకుండా ముందు కాలువ తీయించాం. గోడల్ని రెండు నెలలు ఆరనిచ్చి, మళ్లీ సున్నంతోనే ప్లాస్టరింగ్ చేయించాం. ఆ పని తెలిసిన మేస్త్రి దొరికేదాకా టెన్షనే.

మండువాకు అద్దం మూత వేయలేదు. వేడిగాలి పైకి పోయే దారి అదే కదా. వానొస్తే క్లాసు వసారాలోకి జరుపుతాం. ఎర్రగచ్చు మీద టైల్సూ వేయలేదు. మైనం రుద్దితే మ్యాట్లు జారాయి, అందుకని ఉత్త నీళ్లతోనే తుడిపిస్తున్నాం.

ఇంకొక్కటే మిగిలింది. బట్టలు మార్చుకునే గదికి పాత టేకు తలుపులతో అడ్డుగోడ కట్టినవాళ్లున్నారా? చెదలకు ఏం చేశారు?