ప్రసిద్ధ కృతికి తోడుగా కొత్త రచన: గౌరవమా, చొరబాటా?

రేడియో శ్రోత:
ఆంగ్ల స్వరకర్త హోల్స్ట్ గ్రహాల పేర్లతో ఆర్కెస్ట్రాకు రాసిన ఏడు భాగాల కృతి 'ప్లానెట్స్' వినడానికి ఈ మధ్య ఒక కచేరీకి వెళ్లాను. ఏడో భాగమైన 'నెప్ట్యూన్' చివర, వేదిక మీద కనిపించని స్త్రీల బృందం పక్క గదిలోంచి పాడుతుంది. ఆ గది తలుపు చప్పుడు లేకుండా నెమ్మదిగా మూయాలని, పాట దూరంలో కలిసిపోయేదాకా చివరి స్వరాలను మళ్లీ మళ్లీ పాడాలని హోల్స్టే రాసి పెట్టాడు. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం కోసమే నేను వెళ్లాను. అది నాకు దక్కలేదు. గొంతులు ఇంకా వినిపిస్తుండగానే మన కాలపు స్వరకర్త కాలిన్ మాథ్యూస్ రాసిన 'ప్లూటో' మొదలైంది. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో హోల్స్ట్ పేరు ఒక్కటే ఉంది. పూర్తయిన కృతికి ఇంకొకరు ఎనిమిదో భాగం చేర్చడాన్ని మీరు ఏ న్యాయంతో సమర్థిస్తారు?

తారాపథం:
అసలు ప్లూటో గ్రహమే కాదు. 2006 ఆగస్టు 24న అంతర్జాతీయ ఖగోళ సంఘం దాన్ని మరుగుజ్జు గ్రహాల్లో చేర్చింది. ఇంకా ఎందుకు వాయిస్తున్నారు?

రెండో వయొలా:
తారాపథం గారూ, హోల్స్ట్ రాసింది ఖగోళశాస్త్రం కాదు, జ్యోతిషం. అందుకే అందులో భూమి లేదు, శుక్రుడి కంటే ముందు కుజుడు వస్తాడు.

ఇక శ్రోత గారికి. 'ప్లూటో' ఎవరో దారిన పోయేవాళ్లు అతికించింది కాదు. మాంచెస్టర్‌లోని హాలే ఆర్కెస్ట్రా, దాన్ని నడిపించిన కండక్టర్ కెంట్ నగానో అడిగి రాయించారు. 2000 మే 11న తొలిసారి వాయించారు. మాథ్యూస్ హోల్స్ట్ సంగీతాన్ని దగ్గరగా ఎరిగినవాడు, హోల్స్ట్ కూతురు ఇమోజెన్‌తో కలిసి పనిచేసినవాడు. ఆ రచనను ఆమె స్మృతికే అంకితం చేశాడు. చివర్లో మళ్లీ ఆ స్త్రీల గొంతులే మిగులుతాయి, నెప్ట్యూన్ ఆగకుండా వెనక ఎక్కడో సాగుతూనే ఉందన్నట్టు. ఇంత శ్రద్ధతో చేసిన పనిని చొరబాటు అనడం అన్యాయం.

రేడియో శ్రోత:
శ్రద్ధ లేదని నేను అనలేదు. తలుపు గురించి అడిగాను. తలుపు మూయమని రాసిన చోట మూయకుండా ముందుకు వెళ్లారా, లేదా? ఇమోజెన్ బతికి ఉంటే ఈ ప్రయత్నానికి నవ్వుకునేది, నొచ్చుకునేది కూడా అని మాథ్యూసే రాశాడు. అంకితం సంగతి చెప్పినవారు ఇది కూడా చెప్పాలి.

మధ్యమావతి:
మంగళం పాడేశాక మళ్లీ కీర్తన ఎత్తుకుంటామా? నా ఓటు శ్రోత గారికి.

తారాపథం:
జ్యోతిషమే అనుకుందాం. ప్లూటోను కనిపెట్టింది 1930లో. హోల్స్ట్ 1934 దాకా ఉన్నాడు. కావాలనుకుంటే ఆయనే రాసేవాడు కదా. రాయలేదు. ఈ ఒక్క ముక్కకు ఎవరూ జవాబు చెప్పడం లేదు.

రెండో వయొలా:
మీరంతా ఒక్క తలుపు దగ్గరే నిలబడిపోయారు. తోడు రచనలంటే 'ప్లూటో' ఒక్కటే కాదు. మ్యూనిక్‌లో బవేరియన్ రేడియో ఆర్కెస్ట్రాతో కండక్టర్ మారిస్ యాన్సన్స్ బీథోవెన్ సింఫనీలకు తోడుగా కొత్త రచనలు చేయించాడు. అందులో ఒకటి జర్మన్ స్వరకర్త యోర్గ్ విడ్‌మన్ రాసిన 'కోన్ బ్రియో', 2008 నాటిది. బీథోవెన్ ఏడు, ఎనిమిది సింఫనీలకు ఏ వాద్యాలు కావాలో దానికీ సరిగ్గా అవే, ఒక్కటి కూడా ఎక్కువ లేదు. పిల్లనగ్రోవులూ క్లారినెట్లూ ఒక్కోచోట స్వరం లేకుండా ఉత్త గాలినే ఊదుతాయి. అది విన్న చెవులతో ఏడో సింఫనీ వింటే, మనం అలవాటుపడి మెత్తబరుచుకున్న బీథోవెన్‌లో ఎంత మొరటు బలం ఉందో తెలుస్తుంది. స్వీడిష్ ఛాంబర్ ఆర్కెస్ట్రా బాఖ్ రాసిన ఆరు బ్రాండెన్‌బర్గ్ కన్చెర్టోలనే వాద్యరచనలకు జంటగా ఆరుగురి చేత ఆరు రాయించింది. పాతవీ కొత్తవీ కలిపి పన్నెండూ 2018లో లండన్ ప్రామ్స్ సంగీతోత్సవంలో ఒకే రోజు వాయించారు. వీటిలో ఎవరూ ఎవరి తలుపూ తెరవలేదు.

నేను ఒక ఔత్సాహిక ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. ఒక యువతి రాసిన పన్నెండు నిమిషాల రచనను కార్యక్రమంలో పెట్టమని మా సంఘాన్ని ఎంతో బతిమాలాను. టికెట్లు అమ్ముడుపోవు అన్నారు. బీథోవెన్‌కు తోడు అని పేరు పెడితే ఆలోచిస్తామన్నారు. ఇంకే దారి ఉందో మీరే చెప్పండి.

రేడియో శ్రోత:
అదీ సంగతి. అంటే నేను బీథోవెన్ కోసం డబ్బు కడితే, మీరు ఆ డబ్బుతో నాకు ఇంకేదో నేర్పిస్తారు. మీకు నా చెవుల మీద నమ్మకం లేదు. ఇష్టమైనదాన్ని ఇష్టంగా వినేవాణ్ణి మీరు అలవాటుపడ్డవాడు అంటున్నారు. 'ప్లానెట్స్' నాకు మా నాన్న రేడియోలో వినిపించారు. మా ఊళ్లో ఈ సంగీతం ఇంకెవరికీ తెలియదు. ఆ రోజుల్లో నాకు ఎవరి సిఫారసూ అక్కర్లేకపోయింది.

రెండో వయొలా:
మీ నాన్నగారి రేడియోకు నేను అడ్డుపడలేదు. 'ప్లానెట్స్' తొలిసారి వాయించిన 1918లో హోల్స్ట్ కూడా కొత్తవాడే. ఆనాటి శ్రోతలందరూ మీలాగే తలుపు మూసుకుని ఉంటే మీకు ఈ కృతి చేరేదే కాదు.

కొత్త స్వరం:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. స్వరరచన నా వృత్తి. ఒక ఆర్కెస్ట్రా వారు బీథోవెన్ సింఫనీకి తోడుగా నా చేత ఒక రచన చేయించారు. నిడివి వాళ్లే చెప్పారు. ట్రాంబోన్లు వద్దన్నారు, బీథోవెన్‌కు అక్కర్లేదు గనుక ఆ కళాకారులకు ఆ రోజు జీతం ఇవ్వరట. బాగా వాయించారు, జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ఎక్కడికి పంపినా ఒకటే జవాబు: ఇది ఆ సింఫనీకి తోడు కదా, ఆ సింఫనీని మేము ఈ ఏడు వాయించడం లేదు.

వయొలా గారూ, మీరు నా పక్షాన మాట్లాడుతున్నారని తెలుసు. కానీ పెద్దాయన చెయ్యి పట్టుకుని తప్ప సభలోకి రాకూడదన్న షరతును మీరూ ఒప్పేసుకుంటున్నారు. శ్రోత గారి నిశ్శబ్దం శ్రోత గారికి ఉండాలి. నా రచన ముందూ నిశ్శబ్దం ఉండాలి, తర్వాతా ఉండాలి.

మధ్యమావతి:
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది.

రెండో వయొలా:
విడ్‌మన్ రచన విడిగానూ ఎన్నో చోట్ల వాయించారు. తోడుగా పుట్టినంత మాత్రాన తోడుగానే ఉండిపోదు. అంత అభ్యంతరం ఉంటే ఆ పని ఎందుకు ఒప్పుకున్నారు?

కొత్త స్వరం:
విడ్‌మన్‌కు అప్పటికే పేరుంది. నాకు ఆ ఏడు వచ్చిన పని అదొక్కటే.

రేడియో శ్రోత:
కొత్త స్వరం గారూ, మీ రచన మొదటి సగంలో విడిగా పెట్టి, మీ పేరు హోల్స్ట్ పేరంత పెద్దగా వేయమనండి. టికెట్ కొని వచ్చి వింటాను. నచ్చకపోతే నచ్చలేదని చెబుతాను. తలుపు విషయంలో మాత్రం నా మాట మారదు.

రెండో వయొలా:
మీరొక్కరు కొంటారు. మిగతా కుర్చీల సంగతి మా సంఘానికి ఎవరు చెబుతారు? వచ్చే సమావేశంలో నేను మళ్లీ అడగబోయేది తోడు రచననే. విడిగా అడిగితే ఏమంటారో ఇప్పటికే విన్నాను.

కొత్త స్వరం:
అడగండి. నా పేరు మాత్రం చెప్పకండి.

తారాపథం:
హోల్స్ట్ 1934 దాకా ఉండి కూడా ఎందుకు రాయలేదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.