“కొక్కెర వాలితే కోళ్ళగూడు…” ఆ తర్వాత?

కోవూరు సభ్యురాలు: మా అమ్మమ్మ అనే మాట ఇది. చివరి ముక్క ఎంతకీ గుర్తు రావడం లేదు. 2024 ఫిబ్రవరిలో మా నెల్లూరు జిల్లా చాటగొట్ల, గుమ్మళ్ళదిబ్బ ఊళ్ళ కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చిందన్నప్పటి నుంచీ వెంటాడుతోంది. ఇక్కడ కొక్కెర అంటే కొంగా, తెగులా?

పొదలకూరు పశువైద్యుడు: తెగులేనమ్మా. రాణీఖేత్‌నే పల్లెల్లో కొక్కెర తెగులంటారు. అది ఫ్లూ కాదు. దాని వైరస్ జన్యుపదార్థం ఒకే పోగు, ఫ్లూ వైరస్‌ది ఎనిమిది ముక్కలు. రెండు రకాల ఫ్లూ ఒకే కణంలో పడితే ఆ ముక్కలు కలగలిసి కొత్త రకం పుడుతుంది. 2009లో లోకమంతా పాకిన హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) పందుల్లో అలా తయారైందే: ఆరు ముక్కలు ఉత్తర అమెరికా పందుల వైరస్‌వి, రెండు యూరప్, ఆసియా పందుల వైరస్‌వి. ఆ ఆరింటిలో కొన్ని అప్పటికే పక్షుల, మనుషుల ఫ్లూల నుంచి వచ్చి చేరినవి.

కందుకూరు విశ్రాంత తెలుగు పండితుడు: డాక్టరు గారూ, క్రియను వదిలేశారు. తెగులు సోకుతుంది, తగులుతుంది; వాలదు. వాలేది పక్షి. నీటిపక్షులే ఫ్లూకు పుట్టిల్లని మీ శాస్త్రమే చెబుతోంది కదా! పెద్దలు కళ్ళారా చూసి అన్నమాట.

పశువైద్యుడు: ఆ పుట్టిల్లు ముఖ్యంగా బాతులది, కొంగలది కాదు. బాతు పేగుల్లో వైరస్ ఉన్నా చాలాసార్లు పైకి ఏ జబ్బూ కనిపించదు.

అద్దంకి సభ్యుడు: ఒక అక్షరం జారిపోయిందని నా నమ్మకం. “కొక్కెరకు వాలితే” అయి ఉంటుంది. ఎండకు వాడినట్టు, కొక్కెరకు వాలడం. ఆ తెగులు తగిలిన కోడి మెడ వంకర తిరిగి వాలిపోతుంది, రెక్కలు నేలకు జారతాయి. వాలింది కోడి మాస్టారూ, కొంగ కాదు.

పండితుడు: “కు” అంత తేలిగ్గా జారే అక్షరమా? పశురోగాల మాట వచ్చింది కాబట్టి, మన నెల్లూరు తిక్కన గారి విరాటపర్వం తీయండి. దామగ్రంథిగా నకులుడు గుర్రాలను, తంత్రీపాలుడిగా సహదేవుడు ఆవులను సాకడానికి కొలువులో చేరే ఘట్టం ఎంత నిండుగా ఉంటుందో! నాటకీయతలో ఆయనకు సాటి లేరు.

అద్దంకి సభ్యుడు: వర్ణనలో మా ఎర్రన గారికీ లేరు. ఆయన ఉన్న రెడ్డిరాజు ప్రోలయ వేముడి కొలువు మా ఊళ్ళోనే.

పశువైద్యుడు: గుర్రాలకూ ఫ్లూ ఉంది. వాటి హెచ్3ఎన్8 కుక్కలకు కూడా ఎక్కింది.

కోవూరు సభ్యురాలు: అమ్మను అడిగాను. “వాలితే” కాదట, “వాలినా” అట.

పండితుడు: దీర్ఘమా? అయితే అర్థమే తిరగబడుతుంది. దీర్ఘం సంగతి ఇంకోసారి గట్టిగా అడగండమ్మా.