స్టీరింగ్ తోలు రంగు పోయింది, పెచ్చు లేస్తోంది: ఇంట్లో బాగు చేసుకునే దారి ఉందా?

ప్రశ్న (కాజీపేట నుంచి)

నాది 2014 మోడల్ సెడాన్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇంజన్, ఏసీ అన్నీ బాగున్నాయి. స్టీరింగ్ చూస్తేనే మనసు చివుక్కుమంటుంది. కుడివైపు పైన, గడియారంలో రెండు అంకె ఉండే చోట, నలుపు పోయి బూడిద రంగు తేలింది. దాని చుట్టూ అరచేయంత మేర నూనె రాసినట్టు మెరుస్తోంది. కుట్టు పక్కన బియ్యపు గింజంత పెచ్చు లేచింది. ఎండలో బండి నడిపితే చేతికి జిగటగా అంటుతోంది కూడా. హన్మకొండ చౌరస్తాలో ఒక షాపులో అడిగితే కవర్ తొడిగేస్తాం అన్నారు. నాకు కవర్ ఇష్టం లేదు. కొత్త స్టీరింగ్ ధర వింటే నోట మాట రాలేదు. మా బావమరిదేమో షూ పాలిష్ కొట్టు, సరిపోతుంది అంటున్నాడు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ కాబట్టి చెయ్యి పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు (హంటర్ రోడ్ నుంచి, సీట్ వర్క్ చేస్తాను)

అన్నా, ముందు ఆ షూ పాలిష్ డబ్బాను చెప్పుల స్టాండ్‌లోనే ఉంచండి. అది మైనం, రంగు కలిసిన సరుకు. చేతి వేడికి, చెమటకు కరిగి అరచేతికి, అక్కడి నుంచి చొక్కాకు అంటుకుంటుంది. అంతకంటే పెద్ద సమస్య, స్టీరింగ్ జారుతుంది. మలుపులో చెయ్యి జారితే అందంగా ఉండి లాభం లేదు.

రంగు సంగతి తర్వాత. అసలు అది తోలా, రెగ్జినా తేల్చుకోండి. లేచిన పెచ్చును గోటితో కొంచెం ఎత్తి అడుగు వైపు చూడండి. పీచు పీచుగా, నూగు నూగుగా ఉంటే తోలు. పల్చటి ప్లాస్టిక్ పొర ఊడి వచ్చి కింద బట్ట అల్లిక కనబడితే రెగ్జిన్. రెగ్జిన్ ఒకసారి పొరలు విడవడం మొదలుపెడితే దాని మీద ఏ రంగు వేసినా నిలవదు, రంగు పక్క నుంచి మళ్లీ ఊడుతుంది. అప్పుడు విప్పించి కొత్త తోలు చుట్టించడమే. ఇంట్లో కుస్తీ పట్టడం టైం దండగ.

తోలే అయితే మీ పని సగం అయినట్టే. కార్లలో వాడే తోలుకు పైన రంగు పూత, ఆ పైన రంగు లేని రక్షణ పూత ఉంటాయి. మీకు బూడిదగా కనిపిస్తున్నది ఆ పూతలు అరిగిన చోటు. మెరుస్తున్నది మాత్రం అరుగుదల ఒక్కటే కాదు, అందులో చాలా మటుకు చేతి జిడ్డు, చెమట, దుమ్ము కలిసి పేరుకున్న మురికి. కుడివైపే ఎందుకు పోయిందంటే, మన బండ్లలో ఎడమ చెయ్యి మాటిమాటికీ గేరు మీదికి పోతుంది, కుడి చెయ్యి మాత్రం అక్కడే ఉంటుంది. కిటికీ ఎండ కూడా అటే పడుతుంది. వేలికి ఉంగరం, చేతికి రాగి కడియం ఉంటే గీతలు కూడా అక్కడే. శానిటైజర్ రాసుకుని తడి ఆరకముందే స్టీరింగ్ పట్టుకునే అలవాటుంటే దాంట్లోని ఆల్కహాల్ పై పూతను మెత్తబరుస్తుంది. జిగటకు అదీ ఒక కారణం.

ఇక పని. స్టీరింగ్ విప్పకండి. బండి మీద ఉండగానే అన్నీ అవుతాయి. మధ్యలో ఎయిర్‌బ్యాగ్ మూత, హారన్, బటన్లు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంతా మాస్కింగ్ టేప్, పాత పేపర్లతో కప్పేయండి. సీటు మీద, మీటర్ల మీద కూడా ఒక పాత దుప్పటి పరవండి. కుట్టు దారం వేరే రంగులో ఉంటే టేపును సన్నగా చించి దారం మీదుగా అంటించాలి. ఓపిక పట్టేది ఇక్కడే.

కడగడం అసలు పని. పది మందిలో తొమ్మిది మంది రంగు మీద డబ్బు పెట్టి దీని మీద పది నిమిషాలు కూడా పెట్టరు, తర్వాత రంగు పెచ్చులుగా లేచిందని వస్తారు. లెదర్ క్లీనర్ దొరికితే సరే, లేకపోతే గిన్నెడు నీళ్లలో నాలుగైదు చుక్కల బేబీ షాంపూ చాలు. తోలుకు కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది, ఒంటి సబ్బు, బట్టల సబ్బు క్షారం. వాటితో రుద్దితే తోలు బిరుసెక్కుతుంది. మెత్తటి టూత్‌బ్రష్‌ను నురగలో ముంచి, నీళ్లు కారకుండా విదిలించి గుండ్రంగా రుద్దండి. నురగ గోధుమ రంగులోకి తిరుగుతుంది. దాన్ని తెల్ల నూలు గుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఇదే పని. అప్పటికి మెరుపు పోయి తోలు మొద్దుగా, కళ లేకుండా కనిపిస్తుంది. కంగారు పడకండి, మనకు కావలసింది అదే.

పూర్తిగా ఆరాక 1000 నంబర్ వాటర్ పేపర్‌తో, అంటే చాలా సన్న గరుకు కాగితంతో, అరిగిన భాగాన్ని చాలా తేలికగా రుద్దండి. పెచ్చు లేచిన అంచుకు ఇంకొంచెం గరుకైన 600 వాడొచ్చు, వేలితో తడిమితే మెట్టు తగలకుండా కలిసిపోవాలి. కుట్టు జోలికి పేపర్ పోనివ్వొద్దు, దారం తెగితే అది ఇంకో కథ. దుమ్ము తుడిచి, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డకు కొంచెం తడి చేసి ఒక్కసారి తుడవండి. ఇది మిగిలిన జిడ్డు తీయడానికి. గుడ్డతో ఒత్తి రుద్దితే ఉన్న రంగు కూడా వస్తుంది. కార్ పెయింటర్లు వాడే థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి.

పెచ్చు ఊడిన గుంటకు లెదర్ ఫిల్లర్. ఇది ఆరాక కూడా వంగుతుంది, గోడలకు పెట్టే పుట్టీలా పగలదు. ఒకేసారి నింపొద్దు. పాత ఏటీఎం కార్డు అంచుతో పల్చగా లాగి, ఆరనిచ్చి, వాటర్ పేపర్‌తో మళ్లీ సాపు చేసి, గుంట మిగిలితే ఇంకో పొర.

ప్రశ్న (కాజీపేట)

అన్నా చాలా థ్యాంక్స్. పెచ్చు ఎత్తి చూశాను, అడుగున పీచే ఉంది. తోలే. రంగు మామూలు నలుపు తీసుకోవచ్చా? స్ప్రేనా, బ్రషా?

జవాబు (హంటర్ రోడ్)

సంతోషం. నీటితో చేసే లెదర్ కలర్ అడగండి, డబ్బా మీద అప్‌హోల్‌స్టరీకి, కార్లకు అని ఉండాలి. బూట్లకు వేసే డై వేరు, అది తోలులోకి ఇంకుతుంది తప్ప పైన పూత కట్టదు.

కారు నలుపు నిజానికి కాటుక నలుపు కాదు. చాలా బండ్లలో అది కొంచెం బొగ్గు రంగు వైపు ఉంటుంది. స్టీరింగ్ వెనకవైపు ఎండ తగలని చోట తడిగుడ్డతో తుడిచి, ఆ రంగుకు సరిపోయేది తీసుకోండి. డాష్‌బోర్డుతో పోల్చుకుంటే మోసపోతారు. ముందు అడుగు భాగంలో ఎవరికీ కనిపించని చోట చుక్క పెట్టి ఆరాక చూడండి, తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఇంకో రంగు.

బ్రష్ వద్దు, చారలు పడతాయి. స్ప్రే ఇంట్లో వద్దు, ఎంత టేపు కొట్టినా మీటర్ అద్దం మీద పడుతుంది. స్పాంజి ముక్కను రంగులో ముంచి, పేపర్ మీద ఒత్తి ఎక్కువైనది తీసేసి, అద్దినట్టు వేయండి, రుద్దొద్దు. మొదటి పూత చూస్తే ఇంకా పాడు చేశానా అనిపిస్తుంది, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. మూడు నాలుగు పల్చటి పూతలకు అంతా కలిసిపోతుంది. పూతకు పూతకు మధ్య హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో, దూరం నుంచి ఆడించండి. పెయింట్ ఊడదీసే హీట్ గన్ మాత్రం తేవొద్దు, తోలు ముడుచుకుపోతుంది, పక్కనే ఎయిర్‌బ్యాగ్ ఉంది.

చివర రంగు లేని టాప్ కోట్ తప్పనిసరి. అది లేకపోతే మీ చేతి రాపిడికి రంగు నెలల్లోనే పోతుంది. మెరుపు లేని మ్యాట్ గానీ, కొద్దిపాటి మెరుపుండే శాటిన్ గానీ తీసుకోండి. బాగా మెరిసే గ్లాసీ రకం తీసుకుంటే ఇన్నాళ్లూ మురికితో మెరిసినది ఇప్పుడు డబ్బు పెట్టి మెరిపించినట్టు ఉంటుంది.

జనగామ నుంచి

మా నాన్నగారు పాత జీపు సీట్లకు కొబ్బరినూనె రాసేవారు, చాలా ఏళ్లు మెత్తగా ఉండేవి. స్టీరింగ్‌కు కూడా అదే రాస్తే ఇంత తతంగం ఎందుకు?

జవాబు (హంటర్ రోడ్)

పైన పూత లేని పాత రకం తోలైతే నూనె పీల్చుకుంటుంది, మెత్తబడుతుంది. మీ నాన్నగారు చేసింది తప్పు కాదు. ఇప్పటి స్టీరింగ్ మీద పూత ఉంది కాబట్టి నూనె లోపలికి దిగదు, పైనే నిలిచి దుమ్మును పట్టుకుంటుంది. దిగేది ఎక్కడంటే పూత పోయిన మచ్చలోకి. అక్కడ ఒకసారి నూనె ఇంకితే ఆ తర్వాత రంగు పట్టదు. డాష్‌బోర్డుకు కొట్టే సిలికాన్ స్ప్రేలతోనూ అదే ఇబ్బంది, పైగా చెయ్యి జారుతుంది.

ములుగు రోడ్ నుంచి

నాది అరుగుదల కాదు, పసుపు మరక. దసరాకు భద్రకాళి గుడి దగ్గర వాహన పూజ చేయించాం, స్టీరింగ్ మీద స్వస్తిక్ పెట్టారు. లేత గోధుమ రంగు తోలు, ఎంత కడిగినా గీతలు కనిపిస్తున్నాయి. సబ్బుతో రుద్దితే ఎర్రగా మారింది!

జవాబు (హంటర్ రోడ్)

పసుపుకు సబ్బులోని క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే. భయపడకండి, అది కొత్త మరక కాదు. తడిగుడ్డతో సబ్బు అంతా తీసేయండి, ఎరుపు తగ్గి మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. మిగిలినదానికి మందు ఎండే. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. బండిని స్టీరింగ్ మీద వెలుగు పడేలా ఆపుకుంటూ ఉంటే రోజురోజుకూ వెలిసిపోతుంది. తొందరపడి స్పిరిట్‌తో రుద్దితే పసుపుతో పాటు తోలు రంగు కూడా పోతుంది. వచ్చే దసరాకు స్టీరింగ్ మీద చిన్న టేపు ముక్క అంటించి దాని మీద బొట్టు పెట్టించండి, పంతులుగారు ఏమీ అనరు.

కరీంనగర్ నుంచి

ఒక మాట. నేను కవర్‌కు వ్యతిరేకం కాదు. ఎలాస్టిక్‌తో తొడిగేవి దండగ, అవి తిరుగుతాయి, ప్రమాదం. కానీ సూది దారంతో కుట్టే తోలు కవర్ ఉంటుంది, స్టీరింగ్ చుట్టూ బిగించి లోపలి అంచున కుడతారు. నాకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది, వేళ్లు నొప్పెట్టాయి, కానీ కదలదు. కొనే ముందు వ్యాసం టేపుతో కొలవండి, చాలా కార్లకు 37, 38 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మందం కూడా చూసుకోవాలి.

జవాబు (హంటర్ రోడ్)

ఒప్పుకుంటాను. రెగ్జిన్ ఊడినవాళ్లకు ఇంట్లో అయ్యే మంచి దారి ఇదే. ఊడుతున్న పొరను తీసేసి సాపు చేశాకే కుట్టండి, లేకపోతే కింద ఉండలు తగులుతాయి. తోలు బాగున్నవాళ్లకు మాత్రం రంగే మేలు, పట్టు లావు మారదు.

ప్రశ్న (కాజీపేట)

రెండు సందేహాలు మిగిలాయి. నా స్టీరింగ్‌కు రెండు పక్కలా చిన్న చిన్న రంధ్రాల తోలు ఉంది, అక్కడ రంగు వేస్తే పూడిపోతాయా? ఇంకొకటి, ఎయిర్‌బ్యాగ్ గురించి భయం పూర్తిగా పోలేదు. బ్యాటరీ తీసేయాలా?

జవాబు (హంటర్ రోడ్)

రంధ్రాల దగ్గర ఫిల్లర్ అస్సలు వద్దు. స్పాంజి దాదాపు పొడిగా ఉండాలి, పైపైన తాకాలి. ఎక్కడైనా పూడితే తడి ఆరకముందే గుండుసూదితో తీసేయండి.

ఎయిర్‌బ్యాగ్ విషయంలో మీ భయం మంచిదే. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి, కాబట్టి ఈ ప్రశ్న ఇక అందరిదీ. మీరు విప్పడం లేదు, తోలు పైన మాత్రమే పని చేస్తున్నారు. ఇగ్నిషన్ ఆఫ్ చేసి తాళం తీసేస్తే చాలు. మధ్య మూత అంచుల్లోకి, బటన్ల సందుల్లోకి నీళ్లు కారకుండా చూసుకోండి. మూత మీద రంగు గానీ, అంటించే స్టిక్కర్ గానీ వద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఆ మూత సరిగ్గా గీసిన గీత దగ్గరే చిరగాలి. తోలు మార్పించాల్సి వస్తే స్టీరింగ్ దింపాలి, ఎయిర్‌బ్యాగ్ వైర్ల పసుపు రంగు కనెక్టర్లు విప్పాలి, ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

ఇప్పుడు మొదలుపెట్టేటట్టయితే టైం చూసుకోండి. మే నెల మధ్యాహ్నం రంగు స్పాంజి మీదే ఆరిపోతుంది, గీతలు పడతాయి. వానాకాలం ముసురులో పూత ఆరక అంటుకుంటుంది. ఎండాకాలమైతే పొద్దున్నే ఎనిమిది లోపు, నీడలో, నాలుగు తలుపులూ తెరిచి చేయండి. టాప్ కోట్ వేశాక కనీసం ఒక రోజంతా బండి తీయొద్దు. ఆ తర్వాత కూడా వారం పాటు తడిగుడ్డ పెట్టొద్దు, శానిటైజర్ చేత్తో పట్టుకోవద్దు. ఆదివారం పొద్దున చేసి సోమవారం ఆఫీసుకు బస్సులో వెళ్లేలా చూసుకోండి.