కళాశాల ఫుట్‌బాల్ మైదానానికి 2 కోట్లు: పెట్టిన ఖర్చుకు ఫలితం దక్కుతుందా?

ప్రశ్న – పూర్వ విద్యార్థి, గుంటూరు

మేము చదువుకున్న కళాశాల ఫుట్‌బాల్ మైదానాన్ని 2 కోట్ల రూపాయలతో బాగుచేయించాలని మా పూర్వ విద్యార్థుల సంఘం తలపెట్టింది. పైకప్పుతో కొత్త గ్యాలరీ, కృత్రిమ పచ్చిక, ఫ్లడ్‌లైట్లు అందులో ముఖ్యమైన పనులు. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ స్టేడియం కైల్ ఫీల్డ్‌ను 2015 నాటికి సుమారు 48.5 కోట్ల డాలర్లతో, లక్ష మందికి పైగా కూర్చునేలా పునరుద్ధరించిందని అమెరికా నుంచి వచ్చిన మిత్రుడొకరు ఫోటోలు చూపించగానే సభంతా చప్పట్లతో మారుమోగింది. నన్ను లక్ష రూపాయలు అడిగారు. ఇవ్వడానికి అభ్యంతరం లేదు గాని, ఏడాదికి నాలుగైదు పోటీలు కూడా జరగని చోట ఇంత సొమ్ము వెచ్చించడం సబబేనా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం – బర్క్‌లీలో చదివి వచ్చిన విజయవాడ వాసి

అయ్యా, అక్కడి ఫుట్‌బాల్ మనది కాదు; కోలబంతిని చంకన పెట్టుకొని పరుగెత్తే ఆట అది. టికెట్లు, టీవీ హక్కులు, ధనవంతులైన దాతలు కొనే ప్రత్యేక గదులు ఉన్నాయి కనుకనే అక్కడ అంతంత అప్పులకు సాహసిస్తారు. అయినా సొంత మైదానంలో జరిగే ఆటలు ఏడాదికి ఆరో ఏడో మాత్రమే. నేను చదివిన బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1923 నాటి స్టేడియం కిందుగా హేవర్డ్ భూభ్రంశం (భూకంపాలు పుట్టించే నేలలోని పగులు) పోతుంది కాబట్టి, భూకంపాన్ని తట్టుకునేలా దానిని 32.1 కోట్ల డాలర్లతో పటిష్ఠపరిచి 2012లో తిరిగి తెరిచారు. సీట్ల హక్కులను దశాబ్దాల కాలానికి ముందే అమ్మి బాకీ తీర్చాలనుకున్నారు గాని, అమ్మకాలు అనుకున్నంతగా సాగక, చివరికి క్రీడా విభాగం మోయలేని భారంలో కొంత విశ్వవిద్యాలయమే నెత్తిన వేసుకోవలసి వచ్చింది. ఫోటోలలో ఆ వడ్డీ కనిపించదు.

సమాధానం – విశ్రాంత సివిల్ ఇంజనీరు, గుంటూరు

గ్యాలరీ కంటే ముందు నేల సంగతి చూడండి. మన వైపు నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీస్తుంది. అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండి నేలలో లోతుగా దిగే కాంక్రీటు స్తంభాలు) వంటి తగిన పునాది వేయకపోతే కొత్త మెట్లు రెండు మూడేళ్లకే పగుళ్లిస్తాయి. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 3 లక్షల 57 వేల లీటర్ల నీరు చేరుతుంది. ఆ నీరు పోవడానికి ఇసుక పొర, చిల్లుల గొట్టాలు, చివర కాలువ లేనిదే పైన ఏ పచ్చిక పరిచినా వృథాయే. ఇవి మట్టిలో కప్పబడిపోయేవి కనుక శిలాఫలకం మీదికి ఎక్కవు, దాతలకూ రుచించవు.

కృత్రిమ పచ్చిక గురించి మరొక మాట. మే నెల మధ్యాహ్నం అది కాళ్లు పెట్టలేనంతగా కాలుతుంది, పైగా ఎనిమిది పదేళ్లకు మార్చవలసిందే. సహజమైన గడ్డికి ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు పెట్టాలన్నా 35,700 లీటర్లు, అంటే ఏడు ట్యాంకర్లు కావాలి. బోరు ఉంటే గడ్డి, లేకుంటే చదును చేసిన మట్టి నేల మేలని నా అభిప్రాయం.

సమాధానం – ఒకప్పటి విశ్వవిద్యాలయ క్రీడాకారిణి, విజయవాడ

ఫ్లడ్‌లైట్లను మాత్రం తీసివేయకండి. వేసవిలో సాయంత్రం ఆరు దాటితేనే ఆడగలం. నాలుగు స్తంభాలు వేస్తే పోటీలు లేని రోజుల్లోనూ పిల్లలు సాధన చేస్తారు. అలాగే అమ్మాయిలకు దుస్తులు మార్చుకునే గది, నీళ్లున్న మరుగుదొడ్డి అంచనాలో ఉన్నాయా? మా రోజుల్లో ఇవి లేకనే చాలామంది ఆట మానుకున్నారు.

ప్రశ్నించినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. అంచనా పత్రం తెప్పించి చూశాను: మురుగు కాలువకు గాని, అమ్మాయిల గదికి గాని ఒక్క రూపాయి కేటాయించలేదు, నిర్వహణ అన్న మాటే లేదు. గ్యాలరీ పైకప్పు మానుకొని 50 లక్షలు బ్యాంకులో వేస్తే, 7 శాతం చొప్పున ఏడాదికి మూడున్నర లక్షల వడ్డీ వస్తుంది. నెలకు 15 వేల జీతంతో ఇద్దరు మైదానపు పనివారిని పెట్టుకోవడానికే అది 10 వేలు తక్కువ. ఆదివారం సమావేశంలో ఈ లెక్కనే ముందు పెడతాను. నా లక్ష ఆ డిపాజిట్‌కే ఇస్తానని కార్యదర్శి గారికి ఈ ఉదయమే చెప్పాను. ఆయన ఇంకా ఏమీ అనలేదు.